సాక్ష్యంలో చోటు లేని రోగి: స్వస్థత ప్రార్థన – తెలుగు క్రైస్తవ కథనరూపం

వ్యాససంగ్రహం: శరీరస్వస్థత కోసం చేసిన ప్రార్థన ఫలించనప్పుడు తెలుగు క్రైస్తవ సంఘాల్లో తరచుగా వినిపించే వివరణ రోగి విశ్వాసంలో కొరత ఉందన్నది. ఈ వివరణకు బైబిలు పాఠంలో ఉన్న ఆధారం స్వల్పమని, దాని బలం చాలావరకు ‘సాక్ష్యం’ అనే కథనరూపం నుంచి వస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఎల్లారెడ్డి పరిసరాల మిషన్ చరిత్రను, బైబిలులోని స్వస్థత ఘట్టాలను, తెలుగులోని వ్రతకథ, నిందాస్తుతి సంప్రదాయాలను పక్కపక్కన పెట్టి ఈ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్వస్థత, సాక్ష్యం, వ్రతకథ, నిందాస్తుతి, విలాప కీర్తన, డిచ్‌పల్లి, మెదక్.

ప్రవేశిక

కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డి రెండు పెద్ద క్రైస్తవ ఆవరణల నడుమ ఉన్న ఊరు. పోచారం ప్రాజెక్టు మీదుగా ఆగ్నేయంగా వెళితే మెదక్ కెథడ్రల్ వస్తుంది. ఉత్తరాన, కామారెడ్డి నుంచి నిజామాబాదు వెళ్లే రహదారి మీద డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి ఉంది. రెండూ వెస్లియన్ మెథడిస్టు మిషన్ నిజాం రాష్ట్రంలో దాదాపు ఒకే కాలంలో నిర్మించినవి. మెదక్‌లో ఛార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టించారు. కరువు రోజుల్లో ఆ కట్టడం పనే ఎందరో కూలీలకు తిండి పెట్టింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. డిచ్‌పల్లి ఆసుపత్రి 1915లో తెరుచుకుంది.

మెదక్ కెథడ్రల్‌లోని మూడు రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చిత్రితమై ఉన్నాయి. కుష్ఠరోగిని తాకిన దృశ్యం గాని, గుడ్డివానికి చూపు వచ్చిన దృశ్యం గాని వాటిలో లేదు. ఆ గుడికి వచ్చే జనంలో మాత్రం, మతభేదం లేకుండా, ఒంటి బాధ చెప్పుకోవడానికి వచ్చేవారు ఎక్కువ. కిటికీలు చెప్పే కథకూ, వాటి కింద మోకరించినవారు అడిగే కోరికకూ మధ్య ఉన్న ఈ ఎడమే ఈ వ్యాసానికి మొదలు. అడిగినవారిలో కొందరికి నయమవుతుంది, కొందరికి కాదు. నయం కానివారి గురించి తెలుగు క్రైస్తవ ప్రసంగం ఏం చెబుతుంది? ఏ మాటల్లో, ఏ కథారూపంలో చెబుతుంది? వేదాంతులు ఈ ప్రశ్నను దైవసంకల్పం, మానవస్వేచ్ఛ అనే పదాలతో చర్చించారు. సాహిత్య విమర్శ దీన్ని రూపం వైపు నుంచి చూడగలదు.

సాక్ష్యం: నిలబడినవారి కథ

ఆదివారపు ఆరాధనలో, ఉపవాస ప్రార్థన కూటాల్లో సాక్ష్యాలకు ప్రత్యేకంగా సమయం ఇస్తారు. రోగవిముక్తి సాక్ష్యానికి దాదాపు స్థిరమైన నడక ఉంటుంది. జబ్బు వచ్చింది, ఆసుపత్రులు తిరిగారు, డబ్బు అయిపోయింది, వైద్యులు ఆశ వదులుకున్నారు, అయ్యగారు వచ్చి ప్రార్థించారు, నయమైంది. చెప్పేవారు సంఘం ఎదుట నిలబడి ఉండటమే ఆ కథకు తిరుగులేని రుజువు. నిలబడలేనివారు ఈ రూపంలోకి రాలేరు. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పనక్కరలేదు. చెప్పినవన్నీ నిజాలే అయినా, వినేవారి మనసులో ఏర్పడే చిత్రం సగమే నిజమవుతుంది. మంచంమీద ఉన్నవారి కథ ఆ మైకు దాకా చేరదు.

ఒకే వ్యక్తి జీవితంలో ఈ వడపోత ఎలా పనిచేస్తుందో భక్త్‌సింగ్ ఉదాహరణ చూపిస్తుంది. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, 1929లో కెనడాలో క్రైస్తవుడైన ఆయన, తరువాత హైదరాబాదులో హెబ్రోను కేంద్రంగా తెలుగునేలంతటా సంఘాలను స్థాపించారు. తనను చాలాకాలంగా వేధించిన ముక్కు, గొంతు బాధ ప్రార్థన తరువాత తగ్గిపోయిందని ఆయన తన మారుమనసు సాక్ష్యంలో చెప్పుకున్నారు. ప్రార్థనాపరుడిగా ఆయనకున్న పేరు తెలుగు సంఘాల్లో మరొకరికి ఉందా అన్నది సందేహమే. అదే వ్యక్తి చివరి సంవత్సరాలు పార్కిన్సన్ వ్యాధితో మంచం మీద గడిపి 2000 సెప్టెంబర్ 17న కన్నుమూశారు. యౌవనంలో తగ్గిన గొంతు బాధకు కథ ఉంది. అది ముద్రణలో ఉంది, ప్రసంగాల్లో ఉంది. వార్ధక్యంలో తగ్గని వణుకు జీవితచరిత్రలో ఒక వాస్తవంగా నమోదైందే తప్ప సాక్ష్యమనే రూపంలోకి ఇమడలేదు. ఆయన విశ్వాసంలో కొరత ఉందని ఏ సంఘమూ అనదు. అదే వ్యాధి ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టి బతికే ఒక స్త్రీకి వస్తే అనకుండా ఉంటారా అన్నది వేరే ప్రశ్న.

ఇంగ్లీషు సాహిత్యంలో ఇంతకన్నా ముఖాముఖిగా ఈ చిక్కును ఎదుర్కొన్నవారు సి.ఎస్.లూయిస్. బాధ అనే సమస్య మీద ఆయన 1940లోనే తర్కబద్ధమైన పుస్తకం రాశారు. 1957లో ఎముకల క్యాన్సరుతో ఉన్న జాయ్ డేవిడ్‌మన్‌ను ఆసుపత్రి మంచం పక్కనే వివాహమాడారు. అప్పుడొక గురువు ఆమె తల మీద చేతులుంచి ప్రార్థించాడు, ఆమె కోలుకుంది. ప్రార్థన ఫలసిద్ధి గురించి 1959లో రాసిన వ్యాసంలో లూయిస్ ఆ కోలుకోవడాన్ని, పేరు చెప్పకుండా, ప్రస్తావించారు. జబ్బు తిరగబెట్టి, మరుసటి ఏడాది ఆమె మరణించింది. ఆ తరువాత వచ్చిన శోకగ్రంథాన్ని 1961లో మారుపేరుతో ప్రచురించారు. తలుపు మూసి లోపలినుంచి గడియలు వేసుకున్న ఇంటి ముందు నిలబడినవాడి స్వరం అందులో వినిపిస్తుంది. ఈ మూడు రచనల్లో నడిమిది మాత్రమే సాక్ష్యానికి దగ్గరి రూపం. మొదటిది వాదం, చివరిది విలాపం. 1959 దగ్గర కథ ఆగిపోయి ఉంటే అది ఎన్ని వేదికలెక్కేదో ఊహించవచ్చు.

సాక్ష్యాన్ని లెక్కలతో తేల్చే ప్రయత్నాలూ జరిగాయి. హెర్బర్ట్ బెన్సన్ బృందం అమెరికాలోని 6 ఆసుపత్రుల్లో గుండె బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న 1,802 మంది మీద చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. తమకోసం ప్రార్థన జరుగుతుందో లేదో తెలియనివారిలో, ప్రార్థన జరిగినవారికి 52 శాతం, జరగనివారికి 51 శాతం చిక్కులు వచ్చాయి. ప్రార్థన జరుగుతోందని తెలిసినవారిలో అది 59 శాతం. ఈ అంకెలు విశ్వాసిని కదిలించవు, అవిశ్వాసికి కొత్తగా ఏమీ చెప్పవు. ప్రార్థన ఒక విన్నపమైతే దాన్ని మందు మోతాదులా కొలవడమే పొరపాటని లూయిస్ అంతకు చాలా ముందే అన్నారు. అయితే 59 అనే అంకె దగ్గర కొంచెం ఆగాలి. తనకోసం ప్రార్థిస్తున్నారని తెలిసినప్పుడు రోగి మీద ఒక బరువు పడుతుందేమోనని పరిశోధకులు సందేహించారు. నయమై చూపించాల్సిన బాధ్యత అది. స్వస్థత కూటం నుంచి నయం కాకుండా ఇంటికి వచ్చిన ఏ తెలుగు రోగికైనా ఆ బరువు పరిచయమే.

వ్రతకథ నీడ

విశ్వాసలోపం అనే వివరణ తెలుగు శ్రోతకు అంత సహజంగా ఎందుకు తోస్తుంది? క్రైస్తవానికి ముందే ఆ కథన తర్కం ఈ నేలమీద పాతుకొని ఉండటం అందుకొక కారణం కావచ్చు. సత్యనారాయణ వ్రతకథలో వైశ్యుడు మొక్కు వాయిదా వేస్తాడు, అల్లుడితోపాటు చెరసాల పాలవుతాడు. ఇంటిదగ్గర భార్యాబిడ్డలు వ్రతం చేస్తే విడుదలవుతాడు. నావలో ఆకులలములు తప్ప ఏమీ లేవని బొంకితే సరుకంతా ఆకులలములే అవుతుంది. కళావతి ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తితే భర్త ఎక్కిన నావ మునుగుతుంది. తిరిగి వెళ్లి ప్రసాదం తీసుకుంటే నావ తేలుతుంది. ఈ లోకంలో కారణం లేని నష్టం ఉండదు. ప్రతి ఆపద వెనుక గుర్తించదగిన ఒక లోపం, ప్రతి లోపానికి ఒక దిద్దుబాటు ఉంటాయి.

రోగవిముక్తి విషయంలో ఈ తర్కానికి కావ్యగౌరవం కూడా దక్కింది. సూర్యశతకం చెప్పి మయూరుడు కుష్ఠువ్యాధి పోగొట్టుకున్నాడని, నారాయణీయం ముగించేసరికి మేల్పత్తూరు నారాయణ భట్టతిరికి వాతరోగం తగ్గిందని ఐతిహ్యాలు. ఫలశ్రుతి అన్న మాటలోనే వాగ్దానం ఉంది.

తెలుగు క్రైస్తవ సాక్ష్యం వ్రతకథను అనుకరించిందని చెప్పడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. అలాంటి ఆరోపణకు చారిత్రకంగా చూపగల దాఖలా ఉండదు. పైగా విశ్వాసం చాలక స్వస్థత రాలేదనే బోధ పాశ్చాత్య స్వస్థత ఉద్యమాల్లోనూ బలంగా ఉంది, అక్కడినుంచి ప్రసంగాలుగా, అనువాదాలుగా ఇక్కడికీ చేరింది. కాని వచ్చిన విత్తనం ఏ నేలలో పడిందో చూడాలి. రూపాలు మతాల సరిహద్దు దాటడం తెలుగు క్రైస్తవంలో కొత్త కాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రైస్తవ కీర్తనలను రాగతాళాలతో, తెలుగు కీర్తన చట్రంలోనే కట్టారు. కీర్తన దాటి వచ్చినప్పుడు కథ దాటి రాకుండా ఉంటుందా? ఉపవాసం సరిగా చేయలేదు, దశమభాగం ఇవ్వలేదు, ఇంట్లో పాత బొట్టుపెట్టె ఇంకా ఉంది, మనసులో సందేహం పెట్టుకున్నావు. స్వస్థత రానప్పుడు వినిపించే ఈ కారణాల పట్టికలో మొదటి మూడూ నియమభంగాలే. నాలుగోది లోపలికి మళ్లించిన నియమభంగం. తినని ప్రసాదం స్థానంలోకి తీరని సందేహం వచ్చింది.

ఒక తేడా కూడా ఉంది, అది రోగికి అనుకూలమైనది కాదు. వ్రతకథలో లోపం కంటికి కనిపిస్తుంది కనుక దిద్దుకోవచ్చు, కళావతి వెనక్కి వెళ్లి ప్రసాదం తినవచ్చు. సందేహం లేని విశ్వాసం తనకుందని రోగి ఎప్పటికి రుజువు చేయగలడు? నయమైతే తప్ప రుజువు లేదు, రుజువు లేనిదే నయం కాదు. ఈ వలయంలో చిక్కినవారు చివరి రుజువుగా మాత్రలు మానేస్తారు. చక్కెర వ్యాధికి, మూర్ఛకు, క్షయకు మందు మానడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. సాహిత్యరూపాన్ని గురించిన చర్చ ప్రాణాలతో ముడిపడేది ఇక్కడే.

పాఠం ఏం చెబుతుంది

బైబిలు పాఠంలో నయం కానివారు తక్కువేమీ లేరు. సిరియా సేనాని నయమానుకు కుష్ఠం పోగొట్టిన ఎలీషా ప్రవక్త చివరికి జబ్బుచేసే మరణించాడు. అది ఏ లోపం వల్లనో పాఠం చెప్పదు, సంజాయిషీ ఇవ్వాలని కూడా అనుకోదు. రెండవ సమూయేలు 12వ అధ్యాయంలో దావీదు బిడ్డకోసం ఉపవాసముండి నేలమీద పడి ఉంటాడు, ఏడో రోజున బిడ్డ చనిపోతుంది. పౌలు ఒంట్లోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది ఉండిపోయింది. ఆ ముల్లు రోగమా, వైరులా అన్న విషయంలో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు గాని, గలతీ పత్రికలో ఆయన తన శరీర దౌర్బల్యాన్ని విడిగా చెప్పుకున్నాడు. ఎందరినో బాగుచేసినట్లు అపొస్తలుల కార్యములు వర్ణించే ఆ పౌలే త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వెళ్లాడు. తిమోతి కడుపుబాధకు ప్రార్థన చీటీ పంపకుండా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా రాశాడు.

విశ్వాసం ఎవరిదన్న ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. మూర్ఛతో బాధపడే కుర్రవాణ్ణి శిష్యులు బాగుచేయలేకపోయిన ఘట్టం మత్తయి 17లో ఉంది. అల్పవిశ్వాసం అనే మాట అక్కడ ఆ కుర్రవాడికి తగలలేదు, అతని తండ్రికీ తగలలేదు. ప్రార్థించి విఫలులైన శిష్యులకే తగిలింది. మార్కు 9లో అదే కథ చెప్పినప్పుడు తండ్రి తనలో సగం నమ్మకం, సగం అపనమ్మకం ఉన్నాయని ఒప్పుకుంటాడు, అతని బిడ్డ బాగుపడతాడు. కప్పు విప్పి పక్షవాయువు రోగిని దింపిన కథలో యేసు చూసింది మోసుకొచ్చినవారి విశ్వాసాన్ని. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో నూనె రాసి ప్రార్థించే బాధ్యత సంఘ పెద్దలది. ఈ ఘట్టాల్లో విశ్వాసపు లెక్క అడిగితే దాన్ని ముందు ఒప్పజెప్పవలసింది ప్రార్థించేవారు. కూటాల్లో జరుగుతున్నది దీనికి తలకిందులు. సఫలమైతే ఘనత వేదిక మీదికి వెళుతుంది, విఫలమైతే నింద చాప మీదికి దిగుతుంది.

వ్యతిరేక సాక్ష్యం లేకపోలేదు. నజరేతువారి అవిశ్వాసం వల్ల అక్కడ ఎక్కువ అద్భుతాలు జరగలేదని మార్కు 6 చెబుతుంది. కొరింథు సంఘంలో కొందరి రోగాలకు, మరణాలకు ప్రభురాత్రి భోజనంలో వారి అయోగ్య ప్రవర్తనే కారణమని పౌలు మొదటి పత్రిక 11వ అధ్యాయంలో రాశాడు. పాపానికీ రోగానికీ సంబంధమే లేదని బైబిలు అంటుందనడం అతివ్యాప్తి. కాని ఈ రెండు చోట్లా తీర్పు ఒక ఊరిమీద, ఒక సంఘంమీద ఉంది. ఫలానా రోగి ఎందుకు నయం కాలేదో తేల్చే సూత్రంగా పాఠం దాన్ని ఎక్కడా వాడలేదు. అలా వాడబోయిన శిష్యులకు యోహాను 9లో పుట్టుగుడ్డి ఎదుట అభ్యంతరమే ఎదురైంది. యోబు స్నేహితులు చేసిందీ ఆ పనే. ఆ గ్రంథం చివర దేవుని కోపం యోబు మీద కాక వాళ్లమీద పడింది.

స్వస్థత కూటాల గోడపత్రికల మీద తరచూ కనిపించే, దెబ్బల వల్ల స్వస్థత అనే భావం యెషయా 53 నుంచి వచ్చింది. మొదటి పేతురు పత్రిక 2వ అధ్యాయం దాన్ని తిరిగి చెప్పినప్పుడు శ్రోతలు ఎవరో గోడపత్రికలు చెప్పవు. ఆ మాటలు యజమానుల చేతిలో అన్యాయంగా దెబ్బలు తింటున్న ఇంటి దాసులను ఉద్దేశించినవి. అక్కడ స్వస్థత పాపం విషయంలో చెప్పింది, వాళ్ల వీపులు మానతాయని కాదు.

మూడు మాటలు

అనువాదం కూడా ఈ చర్చలో ఒక పాత్రధారి. గ్రీకులో ‘సోజో’ అనే క్రియకు రక్షించడం, బాగుచేయడం రెండూ అర్థాలే. రక్తస్రావ రోగియైన స్త్రీతో మార్కు 5లో, పాదాలు కడిగిన స్త్రీతో లూకా 7లో యేసు పలికిన వాక్యం గ్రీకులో ఒక్కటే. తెలుగు అనువాదం మొదటిచోట ‘స్వస్థపరచు’ అని, రెండోచోట ‘రక్షించు’ అని వేర్వేరు క్రియలు వాడింది. సందర్భాన్ని బట్టి అది సబబే. కాని ఫలితంగా తెలుగు పాఠకుడికి విశ్వాసం నుంచి రెండు వేర్వేరు సరుకులు దొరుకుతున్నట్లు కనిపిస్తుంది. యాకోబు పత్రికలో రోగి విషయంలో ఉన్నదీ ఈ క్రియే. అక్కడ ‘స్వస్థపరచు’ అని స్థిరపడటంతో మూలంలోని సందిగ్ధత పోయింది, వాగ్దానం శరీరానికి పరిమితమై మరింత కచ్చితంగా వినిపించసాగింది.

‘స్వస్థత’ మాత్రం మొదట అంత ఇరుకైన మాట కాదు. తనలో తాను నిలిచి ఉండటం దాని వ్యుత్పత్తి. సుశ్రుతుడు స్వస్థుణ్ణి నిర్వచించినప్పుడు దోషాలు, అగ్ని, ధాతువులు సమంగా ఉండటంతోపాటు ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉండటాన్నీ చేర్చాడు. రోగం పోవడం ఒక్కటే స్వస్థత కావడం వాడుకలో జరిగిన కుదింపు.

మూడో మాట మరీ విచిత్రం. నేటి తెలుగులో ‘సమాధానం’ అంటే జవాబు. తెలుగు బైబిలులో సమాధానమంటే శాంతి. కనుక జవాబు రాని ప్రార్థనకు కూడా సమాధానం రావచ్చునని తెలుగులో చెప్పడం చాలా తేలిక. ఈ చమత్కారంతో దుఃఖితుల నోరు మూయించడమూ అంతే తేలిక. గ్రీకులోగాని హీబ్రూలోగాని లేని ఈ శ్లేషకు వేదాంత భారం మోపడం సరికాదు. శాంతి వచ్చిందో లేదో చెప్పవలసింది మంచంమీద ఉన్న మనిషి. పలకరించడానికి వచ్చినవారు ఆ మాట ఆ మనిషి తరఫున చెప్పకూడదు.

డిచ్‌పల్లి

సువార్తల్లోని స్వస్థత కథ తెలుగునేలమీద అత్యంత కఠినమైన పరీక్షకు నిలిచిన చోటు డిచ్‌పల్లి. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన ఇజబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1907లో నిజాం రాష్ట్రానికి వచ్చారు. నిజామాబాదులో వైద్యం చేస్తుండగా పెద్దరోగంతో ఊళ్లనుంచి వెలి అయినవారు ఆమె దగ్గరికి రాసాగారు. నర్సాగౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన విరాళంతో డిచ్‌పల్లి ఆసుపత్రి రూపుదిద్దుకుంది. కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ అభివృద్ధిచేసిన హైడ్నోకార్పస్ నూనె సూదిమందును ఇజబెల్ ఇక్కడ ప్రవేశపెట్టారు. ఆమెకు 1923లో కైసర్-ఇ-హింద్ పతకం లభించింది.

మార్కు మొదటి అధ్యాయంలో కుష్ఠరోగి కథ కొద్ది వాక్యాల్లో ముగుస్తుంది. అతను వస్తాడు, యేసు తాకుతాడు, వెంటనే రోగం పోతుంది. డిచ్‌పల్లిలో ఆ ‘వెంటనే’ లేదు. నూనె సూదిమందు నొప్పి పుట్టించేది, నెలల తరబడి, ఏళ్ల తరబడి వేయించుకోవలసినది, ఫలితం మనిషికో తీరుగా ఉండేది. డాప్సోన్ 1940ల తరువాత, బహుళ ఔషధ చికిత్స 1980లలో వచ్చాకగాని ఈ వ్యాధికి నమ్మదగిన మందు లేదు. 1920లో మోకరించిన రోగికి లేని స్వస్థత 1990లో మాత్రలు మింగిన రోగికి వచ్చింది. వీరిద్దరి విశ్వాసాల్లో తేడాను వెతికే వివరణ ఇక్కడ నిలవదు. మారింది మందు. దేవుడు మందు ద్వారానే పనిచేశాడనే సమాధానం భక్తికి సరిపోవచ్చు. మరి ముందు పుట్టినవాడి మాటేమిటన్న ప్రశ్న అలాగే మిగులుతుంది, దాన్ని మిగలనివ్వడమే నిజాయితీ.

భాష ఇక్కడా ఒక అన్యాయం చేసింది. లేవీయకాండం 13, 14 అధ్యాయాల్లోని ‘సారాత్’ అనే హీబ్రూ మాట పలురకాల చర్మవికారాలకు, చివరికి బట్టమీది, ఇంటి గోడమీది మచ్చలకు కూడా వర్తిస్తుంది. హాన్సెన్ 1873లో గుర్తించిన సూక్ష్మజీవి కలిగించే వ్యాధి అదేనని చెప్పలేం. ‘కుష్ఠము’ అన్న అనువాదం ఆ ప్రాచీన అపవిత్రతను డిచ్‌పల్లి రోగుల మీదికి తెచ్చింది. ఊరి వెలి ఒకటి ఉండగా గ్రంథపు వెలి తోడైంది. అయితే అదే పాఠంలో వారికి మరొకటి దొరికింది. మార్కులోని కుష్ఠరోగి తన విశ్వాసాన్ని ప్రకటించుకోలేదు, దబాయించనూ లేదు. నీకు ఇష్టమైతే అనే షరతుతో అడిగాడు. గెత్సేమనే తోటలో యేసు గిన్నె తొలగించమని అడిగినప్పటి షరతూ అదే. ఆ రెండో ప్రార్థనలో అడిగినది దక్కలేదు.

వ్యాధి పోయినా స్పర్శ పోయిన చేతులు, అరిగిపోయిన వేళ్లు తిరిగి రావు. వైద్యం ప్రకారం అతను రోగవిముక్తుడు. అద్దంలో కాడు, పెళ్లి సంబంధాల్లో కాడు, బస్సులో పక్క సీటులో కూర్చున్నవాడి దృష్టిలో కాడు. ఆదివారం సాక్ష్యానికి లేచి నిలబడితే అతను ఏ వర్గానికి చెందుతాడు? నయమైనవాడా, కానివాడా? ఆ రూపంలో ఈ మనిషికి తయారుగా ఒక వాక్యం లేదు.

ఈ ప్రాంతపు సాధారణ రోగాలకూ ఇది వర్తిస్తుంది. కామారెడ్డి, నిజామాబాదు పల్లెల్లో బీడీలు చుట్టే స్త్రీలు పొగాకు దుమ్ములో రోజంతా వంగి కూర్చుంటారు. దగ్గుకోసం, నడుమునొప్పికోసం ప్రార్థించి మళ్లీ అదే చాటముందు కూర్చుంటారు. ప్రార్థన ఫలించలేదని అనుకునేముందు రోగం ఎక్కడినుంచి వస్తోందో అడగడం విశ్వాసహీనత కాదు. సాక్ష్యం రూపం ఆ ప్రశ్న అడగదు. దానిలో జబ్బు ఎక్కడినుంచో ఊడిపడుతుంది.

నిలదీసే భక్తి

సాక్ష్యానికి ప్రత్యామ్నాయ రూపం కోసం తెలుగు క్రైస్తవం దూరం వెళ్లనక్కరలేదు. గోలకొండ చెరలో కంచర్ల గోపన్న రాముణ్ణి వేడుకున్నాడు, విసుక్కున్నాడు, చేయించిన నగలకు లెక్క అడిగాడు, నోరు జారినందుకు మళ్లీ క్షమించమన్నాడు. పన్నెండేళ్లు జవాబు లేదని సంప్రదాయం చెబుతుంది. ఆయన భక్తిలో కొరత ఉందని ఏ తెలుగు శ్రోతా అనుకోలేదు, నిలదీయడాన్నే భక్తికి గుర్తుగా తీసుకున్నాడు. ధూర్జటి, కాసుల పురుషోత్తమ కవి దైవంతో వాదులాడిన శతకాలు తరగతి గదుల్లో పాఠాలయ్యాయి. వ్రతకథ ఎంత తెలుగుదో నిందాస్తుతి అంత తెలుగుది. పుట్టుకతో క్రైస్తవుడైన జాషువా ‘గబ్బిలం’లో కులబాధను దేవుడి చెవిన వేయడానికి పూజారి లేని సమయం చూసుకొని వెళ్లమని గబ్బిలాన్ని పంపినప్పుడు ఎంచుకున్నదీ ఫిర్యాదు మార్గమే. అందులో గబ్బిలం వెళుతుంది. కథానాయకుడికి బదులు వచ్చి స్థితి మారిందని ముగింపు లేదు. మొరకు ఫలశ్రుతి కట్టకుండానే కావ్యం నిలబడింది.

బైబిలులో దీనికి సమానమైనది విలాప కీర్తన. కీర్తనల గ్రంథంలో స్తుతుల పక్కనే అవి విస్తారంగా ఉన్నాయి. చాలావరకు అవి ఫిర్యాదుతో మొదలై నమ్మకం వైపు మలుపు తీసుకుంటాయి, అందుచేత సాక్ష్యం చెప్పేవారు వాటి చివరి భాగాలను సులభంగా వాడుకోగలుగుతున్నారు. 88వ కీర్తన మాత్రం లొంగదు. చిన్ననాటినుంచి చావుకు చేరువలో ఉన్న ఒక మనిషి రాత్రింబవళ్లు మొరపెడుతున్నానని చెబుతాడు. చనిపోయినవారి ముందు అద్భుతాలు చేస్తావా అని దేవుణ్ణి ప్రశ్నిస్తాడు. స్నేహితులు దూరమయ్యారంటాడు. మలుపు రాదు, స్తుతి రాదు. తెలుగు అనువాదంలో చివరి పాదం చీకటికి చుట్టరికం కలిపి ఆగిపోతుంది. సాక్ష్యాల సమయంలో ఎవరైనా లేచి ఈ కీర్తనంత మాత్రమే చెప్పి, మరేమీ కలపకుండా కూర్చుంటే ఆ సంఘం దాన్ని సాక్ష్యంగా స్వీకరిస్తుందా, లేక అయ్యగారు మైకు తీసుకొని మిగతా కథ తానే పూర్తిచేస్తారా?